రెండంగుళాలు దించిన కారు

మా అల్లుడు మనోజ్‌కుమార్ తన కారును రెండంగుళాలు కిందికి దించుతానన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ పక్కనున్న కూలీల బస్తీ ఖుర్సీపార్, అక్కడి కుర్రాళ్ల సంగతి నాకు తెలియనిది కాదు. చేతులు మారిన చిన్న కారొకటి కొంటారు. వెనక అద్దం మీద నిప్పులు కక్కే బొమ్మ అంటిస్తారు. పొగగొట్టం మార్పించి వీధంతా ఉలిక్కిపడేలా చేస్తారు. ఆపైన పొట్ట రోడ్డుకు రాసుకునేంతగా కారును దించి, స్పీడు బ్రేకరు కనబడగానే పీటల మీదికి వెళ్లే పెళ్లికూతురిలా నడిపిస్తారు. కారు తయారుచేసిన ఇంజనీర్లు బుర్ర లేక నేలకూ బండికీ మధ్య అంత జాగా వదిలారని వీళ్ల అభిప్రాయం.

నేను రైల్ మిల్లు ఇన్‌స్పెక్షన్‌లో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. పేరు గురునాథరావు. రైలు పట్టా తిన్నగా ఉందా, ఎక్కడైనా గీత పడిందా, చివర వంగిందా అని చూసి, బాగుంటే సుద్దతో గుర్తు పెట్టడం, లేకపోతే పక్కకు తోయించడం నా పని. తప్పు పట్టినందుకు నాకు జీతమిచ్చేవారు. ఇప్పుడు అదే పని ఇంట్లో ఉచితంగా చేస్తున్నాను.

"ఏటయ్యా, ఉన్న కారు సుఖంగా నడుస్తుంటే చూడలేకపోతున్నావా?" అన్నాను.

"షౌక్ కోసం కాదు మావయ్యగారూ. అత్తయ్య కోసం" అన్నాడు మనోజ్.

అతను దుర్గ్‌లో కాపురముంటూ ఏసీలు బిగించే పని చేస్తాడు. పుట్టిందీ పెరిగిందీ ఖుర్సీపార్‌లో. తెలుగు మొదలుపెట్టి హిందీలో తేలతాడు. మా అమ్మాయి నీలిమ అంత చదువూ చదివి ఇతన్నే చేసుకుంటానంది, చేసుకుంది. నేను ఆ పెళ్లిలో అక్షింతలు వేశాను కానీ గుర్తు మాత్రం పెట్టలేదు.

అత్తయ్య అంటే నా భార్య కనకలత. పదకొండు నెలల కిందట ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. మాట పోలేదు, జ్ఞాపకం పోలేదు. చక్రాల కుర్చీలో ఇల్లంతా తిరుగుతుంది. మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్క ఒకటి వంతెనలా వేసుకుని, కుడి చేత్తో ఊతం పట్టి, తనంతట తానే జరుగుతుంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఇద్దరు మనుషులు ఆమెను ఎత్తి కారులోంచి దించారు. వీధిలో జనం చూశారు. ఆ రాత్రి అన్నం తినలేదు. "నన్ను బియ్యం బస్తాలాగ మోయించకండి. నేను వెళ్లగలిగితే వెళ్తాను, లేకపోతే మానేస్తాను" అంది. అప్పటినుంచీ మానేసింది. గుమ్మం దాటలేదు.

అలాంటి మనిషి ఒకరోజు వెళ్తానంది. దానికి కారణం మనోజ్ తల్లి నూకమ్మ.

నూకమ్మ భర్త జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేసి నాలుగేళ్ల కిందట పోయాడు. ఇప్పుడు ఆమె కూతురు ఛాయకు పెళ్లి కుదిరింది. కుంకుమ భరిణె పుచ్చుకుని మా క్వార్టరుకు పిలవడానికి వచ్చింది. సోఫా ఉండగా అరుగు అంచున కూర్చుంది. నేను పేపరు దించలేదు.

"వదినగోరూ, పసుపు కొట్టడం బేస్తవారం. నాను రోకలి ముట్టుకోకూడదు కదా. తొలిపోటు మీ చేత్తోనే పడాల. మీకంటే పెద్ద ముత్తయిదువ మాకెవులున్నారు?" అంది.

కనకలత తన చేతి వంక చూసుకుంది. తర్వాత నా పేపరు వంక చూసింది. "వస్తాను వదినా" అంది.

ఆ మాట అన్నాక వెనక్కి తీసుకునే రకం కాదు. చిక్కు ఒక్కటే. మనోజ్ కారు సీటు చక్రాల కుర్చీ కంటే రెండంగుళాలు ఎత్తు. చెక్క వేస్తే ఎత్తు మీదికి జరగాలి. ఒంటి చేత్తో అది ఆమె వల్ల కాలేదు. మూడు సార్లు ప్రయత్నించింది, మూడు సార్లూ మధ్యలో ఆగిపోయింది. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచితే పాదాలు నేలకు అందక బిగుసుకుపోయింది. కుర్చీని పెంచలేకపోతే కారును దించుదామన్నాడు మనోజ్. ఆ బేస్తవారానికి ఇంకా రెండు వారాలు గడువుంది.

సామాను కొరియర్‌లో వచ్చింది. పేరూ ఊరూ లేని అట్టపెట్టె. ఇలాంటి వాటిలో అన్నిటికంటే చవకది తెప్పించానని దాచకుండా చెప్పాడు. పెట్టె విప్పితే నాలుగు ఎర్రటి స్ప్రింగులు, మరలు కోసిన నాలుగు గొట్టాలు, వాటిమీద తిప్పడానికి రింగులు. రింగును కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. ఒక స్ప్రింగు తీసి చూశాను. రంగు ఒకచోట కారింది. చివర సరిగ్గా రుద్దలేదు. నా దగ్గరికి వచ్చిన పట్టా ఇలా ఉంటే దాన్ని వెనక్కి పంపి, దానితోపాటు పంపినవాణ్ని కూడా పంపేవాణ్ని.

"ఇది స్ప్రింగా, తిరనాళ్లలో కొన్న పిల్లల గాజా?" అన్నాను.

మనోజ్ నవ్వి ఊరుకున్నాడు. నేను ఏమన్నా ఊరుకుంటాడు. అది నాకు ఇంకా మండుతుంది.

ఆదివారం ఉదయం మా క్వార్టరు ముందే పని మొదలుపెట్టాడు. నేను ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. పక్క క్వార్టరు పరబ్రహ్మం కూడా వచ్చాడు. క్రేన్ల మరమ్మతులో చేసి రిటైరైన మనిషి. ప్రపంచంలో ప్రతి వస్తువూ ఒక క్రేనే అనుకుంటాడు.

"ఇదంతా ఏటి? ఉన్న స్ప్రింగుల్నే గ్యాసు కటింగుతో రెండేసి చుట్లు కోసీరాదేటి? పావుగంట పని" అన్నాడు.

"మంట తగిలిన స్ప్రింగు మళ్లీ స్ప్రింగవుతుందా? మీ క్రేన్లు ఇన్నాళ్లు ఎలా నిలబడ్డాయో ఇప్పుడర్థమవుతోంది" అన్నాను. ఆయన అలిగి టీ తాగకుండా వెళ్లిపోయాడు.

మనోజ్ జాకీ పెట్టి చక్రం ఊడదీశాడు. పాత స్ప్రింగును రెండు పక్కలా కొక్కేలతో బిగించి, అది ఎగిరి పడకుండా అంగుళమంగుళం నొక్కి బయటికి తీశాడు. కొత్తది కూర్చోబెట్టాడు. బోల్టు ప్రతిదీ రెండుసార్లు బిగించాడు. తొందరపడలేదు, కబుర్లు చెప్పలేదు. నేను తప్పు కోసం కళ్లు చించుకుని చూశాను. దొరకలేదు. దొరకనందుకు వాడి చెప్పులు బాగోలేవన్నాను.

మధ్యాహ్నానికి నాలుగు చక్రాలూ పూర్తయ్యాయి. కుర్చీని కారు పక్కన పెట్టి, మధ్యలో చెక్క వేసి, దాని మీద బుడగతో వాలు చూపే స్పిరిట్ లెవెల్ ఉంచాను. మనోజ్ రింగులు తిప్పుతూ కారును దించాడు. బుడగ కదులుతూ కదులుతూ మధ్యకు వస్తోంది. ఇంకొంచెం ఉందనగా అతను ఆపేశాడు.

"ఏటి ఆగావు?"

"మావయ్యగారూ, ఏక్ బాత్ చెప్తాను, గుస్సా అవ్వకండి. నయా స్ప్రింగ్ కదా, నాలుగు రోజులు నడిస్తే థోడా బైఠ్ జాతా హై. ఇది సస్తా మాల్, ఇంకా ఎక్కువ కూర్చుంటాది. ఇప్పుడు కొంచెం ఊపర్ ఉంచుదాం. బేస్తవారానికి బరాబర్ అవుతాది."

కొత్త స్ప్రింగు నడవగా నడవగా తనంతట తాను కిందికి కూర్చుంటుందట. పదేళ్లుగా ఏసీలు బిగిస్తున్నవాడు నాకు ఉక్కు గురించి చెబుతున్నాడు.

"అంచనాలు మీ ఏసీల్లో పెట్టుకో. నా దగ్గర లెవెలంటే లెవెలు. బుడగ మధ్యకు రావాలి" అన్నాను.

అతను రింగు మళ్లీ పట్టుకున్నాడు. మామగారి మాట. తిప్పాడు. బుడగ రెండు గీతల మధ్య వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. నేను జేబులోంచి సుద్దముక్క తీసి చక్రం పైన బాడీ మీద గుర్తు పెట్టాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మా మిల్లులో పట్టాను ఎర్రగా కాలుతున్నప్పుడే కోస్తారు. చల్లారితే అది కుంచించుకుపోతుంది కాబట్టి ఆ మేరకు పొడవు ఎక్కువ వదిలి కోస్తారు. అప్పుడు కొలతకు సరిపోయింది కదా అని కోసినవాడు మూర్ఖుడు. ఈ పాఠం నేను ముప్ఫై నాలుగేళ్లలో ఎందరు కొత్త కుర్రాళ్లకు చెప్పానో లెక్కలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం నాకది గుర్తు రాలేదు. చెప్పినవాడు ఖుర్సీపార్‌వాడు కాబట్టి గుర్తు రాలేదు.

కనకలత వరండాలోంచి అంతా చూస్తూనే ఉంది. "ఎక్కి చూడు" అన్నాను. "బేస్తవారం ఎక్కుతాను" అంది. నేను ఎదురుగా ఉన్నానని అప్పుడు ఎక్కలేదని నాకు తట్టలేదు.

బుధవారం సాయంత్రం మనోజ్ ఫోన్ చేశాడు. ఒకసారి వచ్చి చెక్క వేసి చూస్తాడట. "నేను పాస్ చేసినదాన్ని మళ్లీ చూసేదేటి?" అని పెట్టేశాను.

గురువారం ఉదయం వచ్చాడు. నీలిమ ముందురోజే అత్తగారింటికి వెళ్లింది. కారు వెనక డిక్కీలో చక్రాల కుర్చీ పట్టలేదు. "ఈ జాకీ, ఈ పానాలు దేనికి? మనం వెళ్లేది పసుపు కొట్టడానికా, లారీ బాగుచెయ్యడానికా?" అని వాటిని నేనే తీసి వరండాలో పడేశాను. కుర్చీ పట్టింది.

అంతకుముందే కనకలత కారెక్కింది. కుడి చేత్తో సీటు అంచు పట్టుకుంది, చెక్క మీద ఒక్క జారు జారింది, ముందు సీట్లో ఉంది. నాకు ఛాతీ పొంగింది. "చూశావా లెవెలు?" అన్నాను. మనోజ్ చెక్క వైపే చూస్తున్నాడు. అది కారు వైపుకు వాలి ఉంది. "మావయ్యగారూ, బోర్డు..." అన్నాడు. "ఎక్కిందా లేదా?" అన్నాను. అతను డోరు వేశాడు.

దారి పొడుగునా కారు పొట్ట స్పీడు బ్రేకర్లను పలకరిస్తూనే ఉంది. గీసుకున్న ప్రతిసారీ నేను వెనక సీట్లోంచి ఒక మాట అన్నాను. మా టౌన్‌షిప్ సెక్టారు దాటేసరికి ఏడు బ్రేకర్లు, ఏడు మాటలు. కనకలత కిటికీలోంచి చూస్తోంది. పదకొండు నెలల తర్వాత రోడ్డు, బడిపిల్లలు, కూరగాయల బండ్లు. ఆమె ముఖం నాకు అద్దంలో కొంచెమే కనబడింది. బ్రేకర్ల గోలలో ఆ ముఖం గురించి ఏమీ అడగలేదు.

ఖుర్సీపార్‌లో వాళ్ల సందు కారు పట్టేంత వెడల్పు, అంతే. ఇంటి ముందు ముగ్గు, మామిడాకులు, ముగ్గు మధ్యలో రోలు, పసుపు రాసిన రోకలి. పదిహేనుమంది ఆడవాళ్లు. పంతులు తొమ్మిది నలభైలోపు తొలిపోటు పడాలని చెప్పాడట. మేం వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది.

మనోజ్ కుర్చీ దించి పక్కన పెట్టి చెక్క వేశాడు. అప్పుడు నాక్కూడా కనబడింది. నాలుగు రోజుల్లో స్ప్రింగులు వేలి మందాన కూర్చున్నాయి. ఎక్కేటప్పుడు పల్లం, కాబట్టి జారింది. దిగేటప్పుడు అది మెట్ట. పైగా దిగేటప్పుడు పట్టులేని ఎడమ పక్కకు జరగాలి.

కనకలత ఊపిరి బిగబట్టి ప్రయత్నించింది. జానెడు జరిగి వెనక్కి జారిపోయింది.

"చెయ్యి అక్కడ కాదు. ఇంకా వెనక పెట్టు" అన్నాను.

మళ్లీ ప్రయత్నించింది.

"నడుం ముందుకు వంచు. అదిగో తప్పు. ఇంట్లో రోజూ చేసేదే కదా" అన్నాను.

మూడోసారి చెక్క సగం దాకా వెళ్లి మళ్లీ సీట్లోకి జారింది. ఆడవాళ్లందరూ చూస్తున్నారు. ఇద్దరు ముందుకు వచ్చి "ఎత్తీమంటారేటి?" అన్నారు. కనకలత తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మనోజ్ జాకీ కోసం సందు చివర మెకానిక్ దగ్గరికి పరుగెత్తాడు. తన జాకీ మా వరండాలో ఉందని అతను అనలేదు. అని ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

టైము తొమ్మిది ముప్ఫై ఆరు. ఇంక కాదని నేను అనుకున్నాను. ఇక్కడివాళ్లకు వేళా పాళా ఏముందిలే, ఇంకెవరో కొడతారు అని కూడా అనుకున్నాను.

గుమ్మం పక్కన దూరంగా నిలబడ్డ నూకమ్మ కారు వంక, కనకలత కాళ్ల వంక, రోలు వంక చూసింది.

"వదినగోరు దిగక్కర్లేదు. రోలే కారుకాడికి తెండి" అంది.

నలుగురు కలిసి రోలును దొర్లించి డోరు ముందుకు తెచ్చారు. కనకలత రెండు కాళ్లూ బయటికి పెట్టి సీటు అంచున తిరిగి కూర్చుంది. ఎత్తు సరిగ్గా రోలు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నంత ఉంది. నేను గేలిచేసిన కారు, నేను పాడుచేసిన కొలత, ఆ రెండూ కలిసి రోలుకు సరిపోయాయి. ఛాయ వచ్చి కనకలత కాళ్లకు దండం పెట్టింది. రోకలి కనకలత చేతికి ఇచ్చారు.

కుడి చేత్తో పట్టుకుంది కానీ ఎత్తలేకపోయింది. రోకలికి రెండు చేతులు కావాలి. ఆమె తలెత్తి నూకమ్మను చూసింది.

"వదినా, ఇలా రా. ఆ పక్క నువ్వు పట్టుకో."

నూకమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నానేటి వదినగోరూ, నాను పట్టుకోకూడదు" అంది.

"కనకా, అది పద్ధతి కాదు..." అని నేను మొదలుపెట్టాను.

"మీరు ఊరుకోండి" అంది కనకలత. గొంతు పెంచలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో నలుగురిలో నన్ను ఆ మాట అనలేదు. "నీ కూతురు పసుపు వదినా. నాకు ఎడం చెయ్యి లేదు. నువ్వు నా ఎడం చెయ్యివి, అంతే. రా."

నూకమ్మ వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని రోకలి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎత్తారు. తొలిపోటు పడింది. పసుపు కొమ్ము పగిలిన చప్పుడు స్పష్టంగా వినబడింది. రెండోది, మూడోది. ఐదు పోట్లు వేశారు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నూకమ్మ ఏడుస్తోంది, కనకలత నవ్వుతోంది, కారు సీటు మీద అంతా పసుపు. ఆ నవ్వు మా ఇంట్లో నేను పదకొండు నెలలుగా చూడలేదు. ఖుర్సీపార్ సందులో చూశాను. నాకు సిగ్గేసింది.

మనోజ్ జాకీతో తిరిగొచ్చాడు. చెమటలు కారుతున్నాయి. ఇంట్లోంచి ఒక పానా తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాడు. "అత్తయ్యా, పాంచ్ మినిట్. ఈ పక్క కొంచెం లేపుతాను, మీరే దిగుతారు" అన్నాడు.

అతను మోకాళ్ల మీద కూర్చుని జాకీ తిప్పుతున్నాడు. నేను చెక్క పక్కకు వెళ్లి నా అలవాటు చోట నిలబడ్డాను. లెవెలు చూడాలి కదా.

"మీరు సందు చివరికి వెళ్లి నిలబడండి" అంది కనకలత.

"నేను లేకపోతే లెవెలెవరు చూస్తారు?"

"మనోజ్ చూస్తాడు." నా వైపు తిరిగింది. "ఏవండీ, ఇన్నాళ్లూ నేను గుమ్మం దాటకపోవడానికి రెండంగుళాల ఎత్తే కారణమని మీరు నమ్ముతున్నారా? మంచం దిగినా, కుర్చీ ఎక్కినా మీరు పక్కన నిలబడి చూస్తారు. మీరు చూస్తుంటే నా మంచి చెయ్యి కూడా పనిచెయ్యదు. వెళ్లండి. అటు తిరిగి నిలబడండి."

మనోజ్ తల ఎత్తలేదు. నూకమ్మ చూపు తిప్పుకుంది. ఆమె చెప్పినదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు.

వెళ్లాను. సందు చివర మెకానిక్ కొట్టు ముందు, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. స్కూటర్లు పోతున్నాయి. మెకానిక్ కుర్చీ వెయ్యమంటారా అన్నాడు, వద్దన్నాను. వెనక జాకీ తిప్పుతున్న చప్పుడు ఆగింది. తర్వాత చెక్క మీద చీర జారిన చప్పుడు. ఆ చప్పుడు నాకు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. తల తిప్పబోయి ఆగిపోయాను.

"అయింది మావయ్యగారూ" అని మనోజ్ పిలిచాక తిరిగాను. కనకలత చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. నూకమ్మ ఆమెను ఇంట్లోకి తీసుకెళుతోంది. ఎవరూ ఎత్తలేదని, తనే దిగిందని నీలిమ పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. చక్రం పైన నేను పెట్టిన సుద్ద గుర్తు మీద ఎవరిదో పసుపు చెయ్యి పడి అది చెరిగిపోయింది.

ముప్ఫై నాలుగేళ్లలో నేను చూడకుండా పాసైన పని అదొక్కటే. ఎలా దిగిందో నాకు తెలియదు.